ముక్కలన్నీ చివర్లో కలపబోతే: ప్రాజెక్టు బ్యాచ్‌ల ప్రశ్నలకు జవాబులు

ఇంజనీరింగ్ విద్యార్థులకు ప్రాజెక్టు రివ్యూలు దగ్గరపడుతున్న రోజులివి. ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో అధికభాగం హైదరాబాద్ చుట్టుపక్కల కళాశాలల విద్యార్థులవే. వరుసగా చదువుతూ పోతే, వేర్వేరు మాటల్లో చెప్పుకున్నా అందరి కష్టం దాదాపు ఒకటేనని అర్థమైంది. అందుకే ఈసారి పేజీలన్నీ వారికే కేటాయిస్తున్నాను. రాసినవారి కోరిక మేరకు వారి పేర్లు, కళాశాలల పేర్లు తీసివేశాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మేము సీఎస్ఈ మూడో సంవత్సరం చదువుతున్నాం. ఐదుగురం కలిసి మా హాస్టల్ మెస్ కోసం ఒక యాప్ మొదలుపెట్టాం. రేపు తింటామో లేదో విద్యార్థులు ముందురోజే చెబితే, దాన్నిబట్టి వండుతారు, అన్నం పారబోయడం తగ్గుతుంది అన్నది మా ఆలోచన. ఒకరు స్క్రీన్లు, ఒకరు సర్వర్, ఒకరు డేటాబేస్, ఒకరు లాగిన్, ఒకరు రిపోర్టు అని పంచుకున్నాం. మూడు నెలలు ఎవరి పని వారు చేశాం. ఎవరి భాగం వారి లాప్‌టాప్‌లో బాగానే నడిచింది. రివ్యూకు రెండు రోజుల ముందు కలిపితే ఏదీ అతకలేదు, ప్యానెల్ ముందు ఖాళీ స్క్రీన్ చూపించాల్సి వచ్చింది. ఇప్పుడు మాలో మాకు మాటల్లేవు. తప్పు ఎవరిదో మీరు చెబితే ఒప్పుకుంటాం. ఫైనల్ రివ్యూకు ఇంకా ఆరు వారాలుంది.
(ఐదుగురిలో ఒకడు, ఘట్‌కేసర్)

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ ఐదుగురిలో పని ఎగ్గొట్టినవారు లేరు, పని రానివారూ లేరు. మీరు పని పంచుకున్న రోజునే ఈ ఫలితం రాసిపెట్టి ఉంది. కనుక ‘తప్పు ఎవరిది’ అన్న ప్రశ్నను ఈ రోజుతో వదిలిపెట్టి, ‘ఎక్కడ అతకలేదు’ అన్నదాన్ని పట్టుకోమని ముందుగా కోరుతున్నాను. మొదటిదానికి జవాబు దొరికినా మీ యాప్ నడవదు, రెండోదానికి జవాబు దొరికితే ఈ వారంలోనే నడవడం మొదలవుతుంది.

ఒక విద్యార్థి ‘రేపు తినను’ అని బటన్ నొక్కితే, ఆ మాట స్క్రీన్ నుంచి సర్వర్‌కు, అంటే యాప్ వెనుక పనిచేసే కంప్యూటర్‌కు, సర్వర్ నుంచి సమాచారం భద్రపరిచే డేటాబేస్‌కు వెళ్లి, చివరికి మెస్‌లో ఒక అంకెగా కనబడాలి. మీరు ఆ దారిని అడ్డంగా కోసి తలా ఒక తునక తీసుకున్నారు. దానివల్ల మూడు నెలల్లో ఏ ఒక్కరోజూ, ఏ ఒక్క విద్యార్థి మాటా మెస్ దాకా చేరలేదు. ‘ఎవరి భాగం వారి లాప్‌టాప్‌లో బాగానే నడిచింది’ అన్నారు. నిజమే, కాని అక్కడ మీ భాగం జతకట్టింది పక్కవారు రాసినదానితో కాదు, పక్కవారు ఇలా రాసి ఉంటారని మీరు అనుకున్నదానితో. ఐదుగురూ ఐదు రకాలుగా అనుకున్నారని తెలియాలంటే కలిపి చూడటం తప్ప దారి లేదు, ఆ పనినేమో చివరి రెండు రోజులకు అట్టేపెట్టారు.

ఏవి అతకలేదో మీరు వివరంగా రాయలేదు. ఇలాంటి బ్యాచ్‌లను కొన్నేళ్లుగా చూస్తున్నాను గనుక మూడు చోట్ల వెతకమంటాను. మొదటిది తేదీ. స్క్రీన్ రాసినవారు 03/04 అని పంపితే మన అలవాటులో అది ఏప్రిల్ 3, అమెరికా అలవాటులో అది మార్చి 4. సంవత్సరం, నెల, రోజు అన్న వరుసలో 2025-04-03 అని రాసే అంతర్జాతీయ ప్రమాణం ఉన్నది ఈ గందరగోళాన్ని తప్పించడానికే. రెండోది హాల్‌టికెట్ నంబరు. పేరుకు నంబరే గానీ అందులో అంకెలతోపాటు అక్షరాలూ ఉంటాయి. డేటాబేస్ చేసినవారు దానిని సంఖ్యగా పెట్టి, లాగిన్ చేసినవారు దానిని అక్షరాల వరుసగా పంపితే మొదటి విద్యార్థి దగ్గరే ఆగిపోతుంది.

మూడోది సమయం. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ యాప్‌కు ఇది ప్రాణం వంటిది. సర్వర్లు సాధారణంగా యూటీసీ, అంటే ప్రపంచమంతా ప్రామాణికంగా తీసుకునే సమయంలో నడుస్తాయి, మనం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటాం. రాత్రి 12.30కి, అంటే 15వ తేదీ మొదలైన అరగంటకు, హాస్టల్ గదిలో పడుకున్న అబ్బాయి ‘రేపు తినను’ అని నొక్కాడనుకోండి. అతని మనసులో రేపు అంటే 16. సర్వర్ గడియారంలో అప్పటికింకా 14వ తేదీ సాయంత్రం 7 గంటలే, దాని లెక్కలో రేపు అంటే 15. పాపం ఆ అబ్బాయికి 15న అన్నం ఉండదు, 16న అతని వాటా చెత్తబుట్టలోకి పోతుంది. మీరు పగటిపూట వందసార్లు పరీక్షించినా ఈ తప్పు బయటపడదు, ఎందుకంటే తెల్లవారి 5.30 దాటిన తర్వాత అర్ధరాత్రి వరకు రెండు గడియారాలూ ఒకే తేదీ చూపిస్తాయి. హాస్టల్ పిల్లలు ఫోన్లో తీరిగ్గా ఉండేది మాత్రం సరిగ్గా ఆ అర్ధరాత్రి వేళల్లోనే. దీనికి చిన్న మందుంది. సర్వర్‌కు ‘రేపు’ అన్న మాట పంపకుండా, ఏ తేదీ భోజనమో ఆ తేదీనే పంపండి. బటన్ మీద కూడా ‘16, మంగళవారం మధ్యాహ్నం’ అని విద్యార్థికి కనబడేలా రాయండి.

ఇవన్నీ విద్యార్థుల పొరపాట్లని అనుకోవద్దు. నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబరు 23న అంగారకుడి దగ్గరకు చేరుతూనే నాశనమైంది. నేల మీద పనిచేసిన ఒక సాఫ్ట్‌వేర్, నోదక రాకెట్ల ప్రభావాన్ని పౌండు-సెకన్లలో లెక్కగట్టి ఇస్తే, దాన్ని అందుకున్న రెండో బృందం న్యూటన్-సెకన్లు అనుకుంది. ఎవరి లెక్క వారి దగ్గర ఒప్పే, రెండూ కలిసే చోట మాత్రం తప్పు. అంతకు ముప్పై ఏళ్ల ముందే, 1968లో, మెల్విన్ కాన్వే అనే ప్రోగ్రామర్ ఒక సంగతి గమనించి రాశాడు. మనుషులు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారో, వారు తయారుచేసే వ్యవస్థ కూడా అదే ఆకారంలో తయారవుతుందన్నది దాని సారాంశం. మీ లాగిన్ రాసినవారూ, డేటాబేస్ రాసినవారూ మూడు నెలల్లో ఎన్నిసార్లు కూర్చుని మాట్లాడుకున్నారో లెక్కవేసుకోండి. మీ యాప్‌లో ఆ రెండు భాగాల మధ్య అతుకు కూడా అంతే గట్టిగా ఉంటుంది.

ఇక ఆరు వారాల సంగతి. మొదటి వారం కొత్తగా ఏమీ కట్టవద్దు. లాగిన్ తీసి పక్కన పెట్టండి, ఒకే ఒక విద్యార్థి ఉన్నాడనుకుని అతని నంబరు నేరుగా కోడ్‌లో రాసేయండి. ఒక స్క్రీన్, ఒక బటన్, డేటాబేస్‌లో ఒక వరుస, మెస్‌వారికి కనబడే ఒక అంకె. ఐదుగురూ ఒకే గదిలో, ఒకే బల్ల చుట్టూ కూర్చుని దీన్ని చేయండి. రిపోర్టు రాస్తున్నవారిని కూడా కూర్చోబెట్టండి. బటన్ నొక్కగానే పక్క ఫోన్‌లో 1 అన్న అంకె 0గా మారితే ఆ రోజుకు ఇంటికి పోవచ్చు. చూడటానికి ఏమీ లేనట్టే ఉంటుంది గానీ, మూడు నెలల్లో మీరు చేయలేకపోయింది అదే. అప్పటినుంచి మీ దగ్గర ఎప్పుడూ నడిచే యాప్ ఒకటి ఉంటుంది, మీరు చేయవలసింది దానిని నడుస్తుండగానే పెంచుకుంటూ పోవడం.

రెండో వారం నుంచి పనిని నిలువుగా పంచుకోండి. భోజనం వద్దని చెప్పడం ఇద్దరిది, మెస్‌కు లెక్క చూపడం ఇద్దరిది, నెలాఖరు బిల్లులో తగ్గింపు చూపడం మిగిలినవారిది. ఎవరు ఏది తీసుకున్నా స్క్రీన్ నుంచి డేటాబేస్ దాకా వారే వెళ్లాలి, రానిచోట వచ్చినవారిని పక్కన కూర్చోబెట్టుకోవాలి. రెండు భాగాలు కలిసే ప్రతిచోటా ఏ పేరుతో, ఏ రూపంలో, ఏ సమాచారం వెళుతుందో ఒక్క పేజీలో ఉదాహరణతో సహా రాసి, ఐదుగురూ చదివి ఒప్పుకున్నాకే కోడ్ మొదలుపెట్టండి. ఆ పేజీ మార్చాలంటే ముందు గ్రూపులో చెప్పాలి. రోజూ సాయంత్రం ఒక వేళ పెట్టుకుని ఆనాటి పనిని అసలు యాప్‌లో కలపండి. ఏదైనా విరిగితే అది ఆ ఒక్కరోజు రాసిన యాభై వరుసల్లోనే ఉంటుంది గనుక వెతకడం తేలిక. మూడు నెలల కోడ్‌లో వెతకడం ఎంత కష్టమో మీకు తెలిసే ఉంటుంది.

మాటలు లేకపోవడం గురించి ఒక్కమాట. ఆ ఒక్క అంకె మారడం ఐదుగురూ కలిసి చూసేదాకా రాజీ ప్రయత్నాలేమీ పెట్టుకోవద్దు. పని నడిస్తే మాటలు వాటంతటవే వస్తాయి.

ప్రశ్న: మేడమ్, మా కోడ్ అంతా వాట్సాప్‌లో జిప్ ఫైళ్లుగా పంపుకుంటున్నాం. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘లాస్ట్ ఫైనల్’ అని పద్నాలుగు ఉన్నాయి. మొన్న నా పని మీద మా ఫ్రెండ్ పాత ఫైల్ పడి వారం పని పోయింది. కోడ్‌లో ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే గిట్ వాడమని సీనియర్లు అంటారు గానీ ఒకసారి ప్రయత్నిస్తే ‘కాన్‌ఫ్లిక్ట్’ అని వచ్చి భయపడి వదిలేశాం.
(బీటెక్ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: మీరు భయపడిన ఆ కాన్‌ఫ్లిక్టే మిమ్మల్ని కాపాడేది. ఒకే వరుసను ఇద్దరు రెండు రకాలుగా మార్చారు, ఏది ఉంచాలో మీరే చెప్పండి అని అది అడుగుతోంది. వాట్సాప్ ఆ మాట అడగలేదు కాబట్టే మీ వారం పని పోయింది. గిట్‌ను 2005 ఏప్రిల్‌లో లినస్ టోర్వాల్డ్స్ రాయడం మొదలుపెట్టింది లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు కేంద్రభాగమైన కెర్నల్ కోసం. ఒకరినొకరు ఎన్నడూ చూడని వేలమంది దాని సాయంతో ఒకే కోడ్ మీద పనిచేస్తున్నారు. ఒకే క్యాంటీన్‌లో టీ తాగే నలుగురికి అది సాధ్యం కాకపోవడమంటూ ఉండదు.

నేర్చుకోవలసిన ఆదేశాలు పదికి మించవు, ఒక ఆదివారం చాలు. అసలు నేర్చుకోవలసింది అలవాటు. బ్రాంచ్, అంటే అసలు కోడ్ నుంచి విడిగా పనిచేసుకునే పాయ, తీసుకుని మూడు వారాలు దానిలోనే ఉండిపోతే, పై ఉత్తరంలోని ఘట్‌కేసర్ మిత్రుల కథే గిట్‌తో కూడా జరుగుతుంది. బ్రాంచ్ వయసు రెండు రోజులు దాటకూడదని బ్యాచ్‌లో నియమం పెట్టుకోండి. కాన్‌ఫ్లిక్ట్ వస్తే ఒక్కరే కూర్చుని తేల్చవద్దు, ఆ వరుసలు రాసిన ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తేల్చండి. కమిట్ చేసేటప్పుడు, అంటే మార్పును గిట్‌లో నమోదు చేసేటప్పుడు, ‘అప్‌డేట్’ అని రాయకుండా, ఏం మార్చారో, ఎందుకు మార్చారో తెలుగులోనైనా సరే ఒక వాక్యం రాయండి.

ఒక ప్రమాదం గురించి మాత్రం గట్టిగా హెచ్చరించాలి. మ్యాపులకో, ఎస్ఎంఎస్‌లకో తీసుకున్న, పాస్‌వర్డ్ వంటి రహస్య కీని కోడ్‌లో పెట్టి, అందరికీ కనబడే రిపోలోకి, అంటే ఇంటర్నెట్‌లో కోడ్ ఉంచే చోటికి, ఎక్కించే బ్యాచ్‌లు ప్రతి ఏడాదీ నాకు కనబడుతున్నాయి. తర్వాత గుర్తొచ్చి ఆ వరుస తుడిచేస్తారు. తుడిచినా పాత కమిట్లలో అది అలాగే ఉంటుంది, గిట్ ఉన్నదే పాతవాటిని భద్రపరచడానికి. కీ ఒకసారి బయటపడితే దాన్ని రద్దుచేసి కొత్తది తీసుకోవడమే మార్గం. ఆ కీ వెనుక మీ ఇంట్లోవారి బ్యాంకు కార్డు ఉంటే ఇది ఈ రాత్రే చేయవలసిన పని.

ప్రశ్న: మేడమ్, నమస్తే. మా బ్యాచ్‌లో నలుగురు అబ్బాయిలు, నేను. మినీ ప్రాజెక్టులో నాకు డాక్యుమెంటేషన్, పీపీటీ ఇచ్చారు. మేజర్ ప్రాజెక్టులో కూడా ‘నీ హ్యాండ్ రైటింగ్ బాగుంటుంది, నువ్వు బాగా మాట్లాడతావు’ అని అదే ఇచ్చారు. నాకు కోడింగ్ వచ్చు. అడిగితే ‘టైం లేదు, ఇప్పుడు నీకు ఎక్కడ చెప్పాలి’ అంటున్నారు. ఇంకోవైపు, కోడింగ్ తీసుకున్న నలుగురిలో ఒకతను నెలరోజులుగా ఏమీ చేయలేదు. మార్కులు మాత్రం అందరికీ ఒకటే. పని ఆలస్యమైందని పక్క బ్యాచ్ నుంచి ఇంకొకరిని సాయానికి పిలుద్దామంటున్నారు. నేనేం చేయాలి?
(నాలుగో సంవత్సరం విద్యార్థిని, ఇబ్రహీంపట్నం)

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో మూడు ప్రశ్నలున్నాయి, మీరు చివర రాసిన దాని నుంచి మొదలుపెడతాను. బయటివారిని పిలవవద్దు. ఐబీఎంలో సిస్టమ్/360 కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్ తయారీని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్, తన అనుభవం మీద 1975లో రాసిన మాట ఇప్పటికీ చెల్లుతోంది: ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి కొత్త మనుషులను చేర్చితే అది ఇంకా ఆలస్యమవుతుంది. కొత్తవారికి పని చెప్పేది పాతవారే, ఆ సమయం పని నుంచే పోతుంది. పైగా ఐదుగురి మధ్య మాట నడవవలసిన దారులు 10, ఆరుగురైతే 15. మీకు ఇప్పుడున్న పది దారుల్లోనే సగం మూసుకుపోయాయని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. అదీగాక బయటినుంచి ఆరో మనిషిని వెతకవలసిన పనేముంది? ప్రాజెక్టులో ప్రతి స్క్రీన్ గురించీ రిపోర్టు రాసి, ఏది ఎందుకున్నదో తెలిసిన మనిషి, కోడ్ రాయడం వచ్చిన మనిషి, మీరు అక్కడే ఉన్నారు.

మీకు పని ఇవ్వకపోవడాన్ని నేను చిన్న విషయంగా తీసుకోను. అమ్మాయిలకు రిపోర్టు, అబ్బాయిలకు కోడ్ అన్న పంపకం మన కళాశాలల్లో ఎవరూ గట్టిగా అనకుండానే, అందరూ మర్యాదగానే మాట్లాడుతుండగానే జరిగిపోతుంది. దాని నష్టం ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో ‘ఈ ప్రాజెక్టులో మీరు స్వయంగా రాసిన భాగం చూపించండి’ అన్నప్పుడు తెలుస్తుంది. అప్పుడు ఆ గదిలో మీరు ఒక్కరే ఉంటారు. అందుచేత ఈ వారమే అడగండి, కాకపోతే ‘నాకూ కోడింగ్ ఇవ్వండి’ అని అడగవద్దు. ఆ మాటకు ‘తర్వాత చూద్దాం’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. మొదలుకాని పని ఒకటి ఎంచుకుని, అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కాగితం మీద రాసుకుని, ‘ఫలానా భాగం నేను చేస్తున్నాను, గురువారానికి కలుపుతాను, రిపోర్టులో ఎవరి భాగం వారే రాసుకుందాం’ అని గ్రూపులో పెట్టండి. రిపోర్టును ఐదుగురూ రాయడం మార్కులకు కూడా మేలు, వైవాలో అడిగేది రాసినవారినే కాదు గదా. ఒప్పుకోకపోతే ప్రాజెక్టు గైడ్ దగ్గరకు వెళ్లడానికి సంకోచించవద్దు. ఫిర్యాదుగా చెప్పనక్కరలేదు, పని పంపకాన్ని కాగితం మీద చూపించి ఆయన సంతకం అడిగితే చాలు.

పని చేయని ఆ అబ్బాయి సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే కోపంలో అతన్ని అపార్థం చేసుకునే అవకాశం ఎక్కువ. బద్ధకస్తులు ఉండరని అనను. కాని నేను చూసినంతలో నెలరోజులు మాయమైన విద్యార్థుల్లో ఎక్కువమంది, మొదటి వారంలోనే ఎక్కడో చిక్కుకుని, అడిగితే పరువు పోతుందని దాచిపెట్టినవారు. ‘అయిపోవచ్చింది’ అన్న మాట వరుసగా రెండు వారాలు వినిపిస్తే అక్కడ మనిషి చిక్కుకున్నాడని అర్థం. వారి పక్కన కూర్చుని ‘నీ స్క్రీన్ తెరువు, కలిసి చూద్దాం’ అనడానికి ఒక గంట పడుతుంది. ఆ గంట తర్వాత కూడా అతను కదలకపోతే, అప్పుడు అతని భాగాన్ని యాప్ నుంచే తగ్గించుకోండి. అతని పని మిగతావారు రాత్రుళ్లు మేలుకుని చేసి, అతని పేరుతో చూపించవద్దు. మార్కుల సంగతి కమిట్ల చరిత్ర చూసి గైడ్ తేల్చుకుంటారు. కమిట్ల సంఖ్య ఒక్కటే చూస్తే అన్యాయం జరగవచ్చు గనుక, ఎవరు ఏ పని పూర్తి చేసి అసలు యాప్‌లో కలిపారో తేదీలతో ఒక పట్టిక మీ బ్యాచ్ దగ్గర కూడా ఉంచుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టులు దొరుకుతాయనీ, బ్యాచ్ అంతా డబ్బులేసుకుని కొంటున్నారనీ చెప్పి వాటా అడుగుతున్నాడు. వద్దంటే ఏఐతో రాయించుకుంటామంటున్నాడు. ఇవ్వమంటారా?
(ఒక తండ్రి, ఉప్పల్)

జవాబు: ఇవ్వవద్దండీ. మార్కులకు ఏదో ఒకటి వస్తుంది గానీ, నాలుగేళ్ల చదువులో పదిమంది మధ్య కలిసి ఒక వస్తువు తయారుచేయడం నేర్చుకునే అవకాశం ఈ ఒక్కసారే వస్తుంది. దాన్ని అమ్ముకున్నట్టవుతుంది. మీరు ఫీజు కడుతున్నది ఆ అవకాశానికి కూడా.

ఏఐ సంగతి వేరు. ఇప్పుడు ఆఫీసుల్లోనూ దాన్ని వాడుతున్నారు, వాడవద్దని పిల్లలకు చెప్పలేం. కాని అక్కడా పైన చెప్పిన చిక్కే ఉంది. నలుగురూ నాలుగు ఫోన్లలో విడివిడిగా అడిగి తెచ్చుకుంటే, ఏ ముక్కకు ఆ ముక్క చక్కగా ఉంటుంది, ఒకదానికొకటి మాత్రం కలవవు. ఒక నియమం పెట్టమనండి: ఎవరు తెచ్చిన కోడ్ అయినా, దాన్ని తేనివారు ఒకరు చదివి, ప్రతి వరుస ఎందుకుందో అడిగి, తెచ్చినవారు చెప్పగలిగితేనే కలపాలి. చెప్పలేని వరుస యాప్‌లోకి రాకూడదు. ఇంట్లో మీరు కూడా ఒక సాయం చేయవచ్చు. ఆదివారం ఒకసారి ‘ఇప్పటిదాకా నడిచేది ఏదో నా ఫోన్‌లో చూపించు’ అని అడగండి. మీకు కోడింగ్ తెలియకపోవడం ఇక్కడ మేలే చేస్తుంది, మీకు అర్థమయ్యేలా చూపించాలంటే వాడికి ముందు అర్థమై ఉండాలి.

ప్రశ్న: మేడమ్, మాదీ మెస్ యాపే. మాది పూర్తయింది, అన్నీ పనిచేస్తున్నాయి, గ్రాఫులు కూడా ఉన్నాయి. కాని మెస్ ఇన్‌చార్జ్ గారు, వంటమాస్టర్ గారు ఒక్కసారి కూడా తెరవడం లేదు. తెలుగులో పెడితే చూస్తారేమోనని పెట్టాం, అందులో కూర పేర్లు సగంలో తెగిపోతున్నాయి. రివ్యూ 10 రోజుల్లో ఉంది. ఈలోగా ప్లే స్టోర్‌లో పెట్టేస్తే వాడతారా?
(ముగ్గురు విద్యార్థులు, గండిపేట)

జవాబు: ముందు ప్లే స్టోర్ సంగతి తేల్చేద్దాం. డెవలపర్ ఖాతాకు ఒకసారి కట్టే రుసుము 25 డాలర్లు. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతా అయితే, కనీసం 12 మంది వరుసగా 14 రోజులపాటు యాప్‌ను పరీక్షించిన తర్వాతే అందరికీ విడుదల చేయడానికి దరఖాస్తు చేసుకోవాలి. మీకున్న 10 రోజుల్లో అది కుదరదు, నేరుగా ఫోన్లలో వేసి చూపించండి. ఇంకో జాగ్రత్త: 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారు పిల్లలే, వారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలి. మొదటి సంవత్సరంలో 17 ఏళ్లవారు చాలామందే ఉంటారు. భోజనం లెక్కకు పుట్టినతేదీ, ఆధార్, ఇంటి చిరునామా అవసరం లేదు గనుక అవి అడగనే వద్దు.

తెగిపోతున్న కూర పేర్లకు కారణం ఇది. మన కంటికి ‘గుత్తివంకాయ’లో ఐదు అక్షరాలే. కంప్యూటర్ మాత్రం గుణింతపు గుర్తులనూ, వత్తు కోసం పెట్టే పొల్లు గుర్తునూ, సున్ననూ విడివిడిగా లెక్కపెడుతుంది కాబట్టి దానికవి 11 యూనికోడ్ (అన్ని భాషల లిపులకూ ఉన్న ఉమ్మడి ప్రమాణం) సంకేతాలు. వాటిని నిల్వచేసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు, అంటే మొత్తం 33. మీరు ఇంగ్లీషు పేర్లను మనసులో పెట్టుకుని గడికి 10 హద్దు పెట్టి ఉంటారు, వంటకం ‘గుత్తివంకా’ దగ్గర ఆగిపోయి ఉంటుంది. హద్దు పెంచండి. పొడవు కొలవవలసి వస్తే సంకేతాలను కాకుండా కంటికి కనబడే అక్షరాలను లెక్కించే పద్ధతి వాడండి, మీరు వాడే ప్రోగ్రామింగ్ భాషల్లో దానికి లైబ్రరీలు, అంటే సిద్ధంగా రాసిపెట్టిన కోడ్, ఉన్నాయి. వత్తులు కింది వరుసకు తగలకుండా వరుసల మధ్య ఎడం కూడా కొంత పెంచాలి.

ఇక అసలు విషయం. మూడేళ్ల కిందట ఇలాంటి యాప్ చేసిన ఒక బ్యాచ్‌ను వెంటబెట్టుకుని తెల్లవారుజామున ఒక హాస్టల్ వంటగదికి వెళ్లాను. వంటామె చేతులు మోచేతుల దాకా తడి, పిండి. ఫోన్ ఆమె దగ్గర లేదు, ఉప్పు డబ్బాల పైన గూట్లో ఉంది. విద్యార్థులు తమ యాప్ తెరిచి ‘ఈ రోజు 212 మంది’ అని చూపించారు. ఆమె ఒకసారి చూసి, ‘అయితే బియ్యం ఎన్ని కిలోలు పెట్టమంటారు బాబూ?’ అని అడిగింది. ఎవరి దగ్గరా జవాబు లేదు. వారు కష్టపడి గీసిన గ్రాఫులను ఆమె చూడను కూడా చూడలేదు. అప్పటికే ఒక గుండిగకు ఎసరు పడింది, ఇంకో గుండిగకు బియ్యం నానుతున్నాయి. లెక్క అప్పుడు వచ్చి లాభం లేదు.

తిరిగి వస్తూ ఆ పిల్లలు దారిలోనే యాప్ మార్చుకున్నారు. మనిషికి ఎన్ని గ్రాముల బియ్యం వేస్తారో ఆమెనే అడిగి ఆ లెక్క సర్వర్‌లో పెట్టారు. విద్యార్థులు మార్పు చెప్పే గడువును అర్ధరాత్రి నుంచి రాత్రి 9 గంటలకు జరిపారు, ఎందుకంటే మర్నాటి సరుకు తూకం వేసి బయటపెట్టేది రాత్రి పదింటికి. వంటగదివారికి యాపే తీసేశారు. తూకం వేసే మనిషికి తొమ్మిదీ ఐదుకు ఒక మెసేజ్ వెళ్లేది: ‘రేపు మధ్యాహ్నం బియ్యం ఇన్ని కిలోలు’. ఆయన దాన్ని చూసి గోడమీది నల్లబల్లపై సుద్దముక్కతో రాసేవాడు. విద్యార్థులు మొదట కొంచెం చిన్నబుచ్చుకున్నారు, నెలల తరబడి గీసిన స్క్రీన్లు కదా. నాకు మాత్రం ఆ నల్లబల్ల వారి యాప్‌లో అతి ముఖ్యమైన స్క్రీన్ అనిపించింది, ఇప్పటికీ అదే అభిప్రాయం.

మీ ముగ్గురూ యాప్‌ను అన్ని చోట్లా కలిపారు, వంటగదితో మాత్రం కలపలేదు. పది రోజులు దానికి సరిపోతాయి. ఇన్‌చార్జ్ గారి అనుమతి తీసుకుని ఒక రాత్రి సరుకు తూచే వేళకు, మర్నాడు ఎసరు పెట్టే వేళకు వెళ్లి పక్కన నిలబడండి. ఫోన్లు జేబులోనే ఉంచి, ఎవరు ఎవరిని ఏం అడుగుతున్నారో, ఏ అంకె ఎక్కడ రాసుకుంటున్నారో ఒక పుస్తకంలో రాసుకోండి. మూడు రోజులు యాప్ చెప్పిన లెక్కను, వంటమాస్టర్ గారు తన అలవాటుకొద్దీ వేసిన లెక్కను పక్కపక్కన రాసి, రాత్రికి ఎంత అన్నం మిగిలిందో తూకం వేయండి. రివ్యూలో గ్రాఫులకు బదులు ఆ మూడు రోజుల కాగితం ప్యానెల్ ముందు పెట్టండి.